హెచ్ టూ ఎస్ ఓ ఫోర్‌లో అంకెలు కిందికి దిగేదెలా?

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పదో తరగతికి పవర్‌పాయింట్‌లో స్లైడ్లు చేసుకుంటున్నాను. వర్డ్‌లో పైనే కనిపించే సబ్‌స్క్రిప్ట్ (అంకెను కిందికి దించే) బటన్ ఇందులో లేదు. అంకె సైజు తగ్గిస్తే చిన్నదవుతోంది గానీ కిందికి దిగదు. సల్ఫేట్ అయాన్ రాయాలంటేనే టెన్షన్!
- ఒక ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

జవాబు: సైజు జోలికి పోకండి మాస్టారూ. కొందరు విడిగా టెక్స్ట్ బాక్స్ గీసి, అందులో 2 వేసి పక్కకు జరుపుతుంటారు. వాక్యంలో ఒక్క మాట మార్చారంటే ఆ 2 గాల్లో వేలాడుతుంది. ముందు ఫార్ములా అంతా మామూలుగా కొట్టేయండి. 2 ఒక్కదాన్నే సెలెక్ట్ చేసి, కంట్రోల్ పట్టుకుని ఈక్వల్ టు కీ నొక్కండి, దిగుతుంది. తర్వాత 4ను సెలెక్ట్ చేసి ఎఫ్4 నొక్కితే చాలు, ఇందాకటి పనే మళ్లీ చేస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో దానికి ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాలి. త్వరణం ప్రమాణంలో సెకను మీద వచ్చే 2 పైకెక్కాలంటే కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని అదే ఈక్వల్ టు కీ నొక్కండి.

మీ స్లైడ్లు తెలుగులో ఉంటాయి కాబట్టి ఇంకో చిక్కుంది. మన ఒత్తులు కిందే ఉంటాయి, ఈ అంకెలూ అక్కడికే దిగుతాయి. వరుసలు దగ్గరగా ఉంటే కింది లైన్లోని గుడులకు తగులుతాయి. లైన్ స్పేసింగ్ కాస్త పెంచండి. అప్పటికీ ఇరుకనిపిస్తే ఆ అంకెను సెలెక్ట్ చేసి కంట్రోల్ టి నొక్కితే ఫాంట్ బాక్స్ వస్తుంది. అందులో ఆఫ్‌సెట్ మైనస్ 25 శాతం ఉంటుంది, మైనస్ 15 చేస్తే అంకె కొంచెం పైకి జరుగుతుంది. సైజు మాత్రం దాంతో పెరగదు. వెనక బెంచీ పిల్లలకు ఆ 2 కనపడాలంటే అసలు అక్షరాలే 32 పాయింట్లు పెట్టండి.

ఇక సల్ఫేట్. 4 కింద, 2 మైనస్ సరిగ్గా దాని నెత్తిన ఉంటే చూడ్డానికి బాగుంటుంది. ఇది పై పద్ధతిలో కుదరదు, ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. ఆల్ట్ పట్టుకుని ఈక్వల్ టు నొక్కితే ఈక్వేషన్ బాక్స్ తెరుచుకుంటుంది. ఎస్ ఓ కొట్టి, అండర్‌స్కోర్, 4, షిఫ్ట్ 6తో వచ్చే టోపీ గుర్తు, బ్రాకెట్లలో 2 మైనస్ వేసి స్పేస్ నొక్కండి. రెండూ చక్కగా ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. అక్షరాలు వాలి ఉంటాయి, రసాయన సంకేతాలకు అది తప్పు. మొత్తం సెలెక్ట్ చేసి, పైన ఈక్వేషన్ ట్యాబ్‌లో నార్మల్ టెక్స్ట్ నొక్కితే నిటారుగా నిలబడతాయి.

బడిలో గూగుల్ స్లైడ్స్ వాడాల్సివస్తే కీలు వేరు: కిందికి కంట్రోల్ కామా, పైకి కంట్రోల్ ఫుల్‌స్టాప్.