ఏ పద్ధతి మంచిదని కాదు, ఏది అడ్డుపడుతోందని అడగండి

ప్రశ్న: మా నాన్నగారికి పక్షవాతం వచ్చి 3 నెలలైంది, కుడివైపు పడిపోయింది. మొదట వచ్చిన ఫిజియోథెరపిస్టు బొబాత్ పద్ధతి అని చెప్పి, తన చేతుల్తో పట్టుకుని నడుమూ భుజమూ కదిలించేవారు. ఇప్పుడొచ్చే ఆవిడ అది పాతదైపోయిందంటూ, కుర్చీలోంచి లేవడం కూర్చోవడం అదే పనిగా చేయిస్తున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండమ్మా, ఇద్దరూ తప్పు చేయట్లేదు. బొబాత్ పద్ధతి 1940ల్లో లండన్‌లో బెర్టా బొబాత్, ఆవిడ భర్త డాక్టర్ కారెల్ మొదలుపెట్టింది. పనినే సాధనగా చేయించే దారిని 1980ల్లో ఆస్ట్రేలియాకి చెందిన కార్, షెపర్డ్ బాగా ముందుకు తెచ్చారు. ఏది గొప్పదన్న వాదన మా వృత్తిలో ఏళ్ల తరబడి నడిచింది. 2014లో, వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ పక్షవాతం మీద జరిగిన 96 అధ్యయనాలను కలిపి చూసి, ఫిజియోథెరపీ పనిచేస్తుంది గానీ ఫలానా పేరున్న పద్ధతే మిగతావాటికన్నా మెరుగని చెప్పలేమని తేల్చింది. నన్నడిగితే, ఎవరు ఏ కోర్సు చేశారో దాన్నిబట్టి పద్ధతి నిర్ణయమైపోవడం మా వాళ్లలో ఇంకా పోని జబ్బు.

సరిగా ఆలోచించే థెరపిస్టు పేరుతో మొదలుపెట్టరు. మీ నాన్నగారు కుర్చీలోంచి లేవలేకపోతున్నారనుకోండి, ఎందుకు లేవలేకపోతున్నారన్నదే అసలు ప్రశ్న. తొడ కండరంలో బలం లేదా, పిక్క బిగుసుకుపోయి మడమ నేలకి ఆనట్లేదా, పాదం నేలమీద ఉన్న సంగతే తెలియట్లేదా, లేక పడిపోతానన్న భయంతో నడుము ముందుకి వంచట్లేదా? పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, వైద్యం మాత్రం వేరు. బలం లేకపోతే ఎత్తు కుర్చీతో మొదలుపెట్టి, బలం వచ్చేకొద్దీ ఎత్తు తగ్గిస్తూ పోతాం. పిక్క బిగుతైతే సాగదీయడం, స్ప్లింటు (కాలిని సరైన భంగిమలో పట్టి ఉంచే పట్టీ), ఒక్కోసారి న్యూరాలజిస్టుతో మాట్లాడి కండరాన్ని వదులు చేసే బొటులినం ఇంజెక్షన్. స్పర్శ పోతే కళ్లతో చూసుకుంటూ చేయడం నేర్పాలి. ఇంకో సంగతి, కుడివైపు పడిపోయిందంటే చాలామందికి మాట కూడా దెబ్బతింటుంది, అలాంటప్పుడు గంటసేపు వివరించే కన్నా ఒకసారి చేసి చూపిస్తే అందుతుంది.

ఇప్పుడొచ్చే ఆవిడ లేవడం కూర్చోవడం పదేపదే చేయించడంలో అర్థముంది, ఎందుకంటే మెదడు ఏ పని సాధన చేస్తే ఆ పనే నేర్చుకుంటుంది, పైగా అదీ పదిసార్లు చేస్తే చాలదు. అలాగని చేత్తో సాయం పట్టడం పాపమేం కాదు, కాకపోతే ఆ సాయం రోజురోజుకీ తగ్గుతూ రావాలి. ఆవిణ్ని ఒకటే అడగండి: "అడ్డు ఎక్కడుంది, తగ్గిందని దేంతో కొలుస్తున్నారు?" 10 మీటర్లు నడవడానికి పట్టే సమయం కావచ్చు, 56 మార్కులుండే బెర్గ్ బ్యాలెన్స్ పరీక్ష కావచ్చు. కొన్ని వారాలైనా అంకె కదలకపోతే దారి మార్చాల్సిందే, పద్ధతికి ఎంత పేరున్నా సరే.

ప్రశ్న: బాగున్న చేతిని కట్టేస్తే పడిపోయిన చెయ్యి పనిచేస్తుందని వీడియోలో చూశాం. అమ్మకి ఇంట్లోనే కట్టొచ్చా?

జవాబు: వద్దు, ముందు అమ్మ వేళ్లు చూడండి. ఈ పద్ధతి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ పరిశోధనల నుంచి వచ్చింది. 2006లో ఫలితాలు వెలువడిన ఎక్సైట్ అనే అధ్యయనంలో 222 మంది పక్షవాత రోగులపై చూస్తే మంచి ఫలితమే వచ్చింది, కానీ వాళ్లంతా మణికట్టునీ వేళ్లనీ సొంతంగా కనీసం 10 డిగ్రీలైనా పైకెత్తగలిగినవాళ్లు. బాగున్న చేతికి దాదాపు మెలకువగా ఉన్నంతసేపూ తొడుగు వేసి, 2 వారాలు రోజుకి గంటల తరబడి శిక్షణ ఇచ్చారు. వీడియోలో ఈ భాగం చూపించరు! చెయ్యి అసలే కదలనివాళ్లకి బాగున్నదీ ఆపేస్తే మిగిలేది విసుగే, తూలితే పట్టుకోవడానికి చెయ్యి కూడా ఉండదు. అలాంటివాళ్లకి అద్దం ముందు చేసే సాధన, కండరాన్ని కదిలించే స్వల్ప కరెంటు ప్రేరణ లాంటివి ఆలోచిస్తాం. భుజం జారకుండా ఆసరా ఇవ్వండి, లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగొద్దు.

ప్రశ్న: మా ఆయనకి పార్కిన్సన్స్. పక్షవాతం వ్యాయామాలే చేయించమంటారా?

జవాబు: అవే కావు. ఆయన సమస్య ప్రధానంగా బలం కాదు, కదలిక దానంతటది మొదలవకపోవడం. అందుకే నేలమీద అడ్డగీతలు, మెట్రోనోమ్ (ఒకే లయలో టిక్ టిక్ మనే పరికరం) శబ్దం లాంటి సూచనలిచ్చి పెద్ద పెద్ద అడుగులు వేయిస్తాం. గుమ్మం దగ్గర కాళ్లు అతుక్కుపోతే వెనకనుంచి తోయకండి, ఆగి, బరువు పక్కకి మార్చి, లెక్కపెట్టి అడుగు వేయమనండి. వ్యాయామం సెషన్‌ని పార్కిన్సన్స్ మాత్ర పనిచేస్తున్న సమయంలో పెట్టించండి, మాత్ర వేసుకునే టైమ్ థెరపిస్టుకి ముందే చెప్పండి.