0/8 సంగతి ముందు తేల్చండి

ప్రశ్న: డాక్టరుగారూ, మాది పర్లాకిమిడి. నాన్నకి 58 ఏళ్లు. పెద్దపేగులో కుడివైపు గడ్డ వస్తే విశాఖలో ఆపరేషన్ చేయించాం. రిపోర్టులో ‘పీటీ3, లింఫు గ్రంథులు 0/8, స్టేజి 2’ అని ఉంది. మా మేనత్త 46 ఏళ్లకే గర్భసంచి కేన్సర్‌తో పోయింది. జీన్ టెస్టులన్నీ చేయిస్తే జబ్బు ఎక్కడికి పాకుతుందో తెలిసిపోతుందని తెలిసినాయన అంటున్నారు. కేరాస్‌తో సహా అన్నీ చేయించమంటారా? - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నా చూపు ఆగింది కేరాస్ జీన్ దగ్గర కాదు, ఆ 0/8 దగ్గర. అంటే ఎనిమిది లింఫు గ్రంథులు చూస్తే ఒక్కదాంట్లోనూ కేన్సర్ లేదని. పీటీ3 అంటే గడ్డ పేగు గోడలోని కండరాన్ని దాటిందని. కనీసం 12 గ్రంథులు చూస్తేగాని ‘పాకలేదు’ అన్న మాటకి బలం రాదు. తీసిన పేగుని పాడవకుండా ల్యాబులో కొన్నాళ్లు ఫార్మలిన్ ద్రవంలో ఉంచుతారు. పేగుకి అంటుకున్న కొవ్వులో కందిగింజంత గ్రంథులు ఇంకా మిగిలి ఉండొచ్చు. మళ్లీ వెతకమని మీ సర్జన్‌గారి చేత చెప్పించండి, పారేయకముందే. ఏ జీన్ టెస్టూ దీనికి బదులు కాదు.

ఇక తప్పక చేయించాల్సింది ఎంఎంఆర్ పరీక్ష. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు ప్రొటీన్లు గడ్డలో ఉన్నాయో లేదో రంగు వేసి చూస్తారు. డీఎన్ఏ నకలులో దొర్లే తప్పుల్ని దిద్దేవి ఇవే. లేవని వస్తే కంగారుపడకండి. స్టేజి 2లో అలాంటి గడ్డ పాకే అవకాశం తక్కువ, కేపసైటబిన్ అనే కీమో మాత్రలొక్కటే మింగితే లాభమూ ఉండదు. కాకపోతే అప్పుడు మీ మేనత్తగారి సంగతి ముందుకొస్తుంది. పేగు, గర్భసంచి కేన్సర్లు ఒకే రక్తసంబంధంలో కనబడితే లించ్ సిండ్రోమ్‌ని, అంటే వంశంలోంచి వచ్చే కేన్సర్ ముప్పుని, అనుమానించాలి. ఎంఎల్‌హెచ్1 లేకపోతే గడ్డలో బీరాఫ్ అనే జీన్ కూడా చూస్తారు. అందులో వీ600ఈ మార్పు ఉంటే సాధారణంగా అది వంశంలోంచి వచ్చింది కాదు. లేదంటే నాన్నగారికి రక్తంలో జన్యుపరీక్ష, అందులో తేలితే మీకూ మీ తోబుట్టువులకూ.

కేరాస్ ఇప్పుడొద్దు. జబ్బు పాకినవాళ్లకి సెటుక్సిమాబ్ అనే కేన్సర్ మందు పనికొస్తుందా లేదా తేల్చుకోవడానికే అది ముఖ్యం. కేరాస్ మారి ఉంటే ఆ మందు దండగ. లివరుకా ఊపిరితిత్తులకా అని ముందే చెప్పే టెస్టు మాత్రం లేదు.

ఎంఎంఆర్ పరీక్షకి, గడ్డ ముక్కని పొదిగి ఉంచిన మైనపు బ్లాకు ల్యాబులో అడిగి తీసుకెళ్లండి. ఎండలో బండి డిక్కీలో పెట్టకండి. గుణుపురం నుంచి ఒకాయన రోహిణి కార్తెలో అలాగే తెచ్చి, మైనం మెత్తబడిపోయి తల పట్టుకున్నారు.

జబ్బు తిరగబెడుతోందేమో కనిపెట్టే సీఈఏ రక్తపరీక్ష మొదటి రెండేళ్లూ 3 నుంచి 6 నెలలకోసారి చేయించండి. నాన్నగారికి చుట్ట అలవాటుందో లేదో మీరు రాయలేదు. ఉంటే సీఈఏ కాస్త ఎక్కువే చూపిస్తుంది, డాక్టరు దగ్గర ఆ మాట దాచనివ్వకండి.