నాయన కాఫీ గ్లాసు తీసేయకండి

ప్రశ్న: మాది తిరుపతి. నాయన పోయి 5 నెలలైంది. అమ్మ ఇప్పటికీ పొద్దున్నే రెండు గ్లాసుల కాఫీ కలిపి, ఒకటి వరండాలో ఆయన కుర్చీ పక్కన పెడుతుంది. తొమ్మిదింటికి, పైన మీగడ కట్టిన ఆ కాఫీని తీసుకెళ్లి కరివేపాకు చెట్టు మొదట్లో పోసేస్తుంది. మతి చలించిందని చుట్టాలంటున్నారు. కొండకు తీసుకెళ్దామంటే ఏడాది దాకా వద్దంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ గ్లాసు జోలికి వెళ్లకండి. అమ్మ మతి బాగానే ఉంది. ఆయన లేరని తెలియని మనిషైతే తొమ్మిదింటికి ఆ కాఫీని చెట్టుకు పోయదు కదా.

మనవాళ్లు పెద్దకర్మతో చేతులు కడుక్కున్నారా? నెలనెలా మాసికాలు, ఏడాదికి సంవత్సరీకం, ఆ తర్వాత ఏటా దివసం, మహాలయ పక్షాల్లో తర్పణాలు, సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెట్టి వాళ్లకిష్టమైనవన్నీ వండి ఆకులో వడ్డించడం. ఇవన్నీ చేసే చుట్టాలే ఒక గ్లాసు కాఫీని పిచ్చి అంటుంటే నాకు కష్టంగా ఉంది. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో పోయినవాళ్లకిష్టమైన తిండీ పానీయాలూ ఇంట్లోనే పేర్చి పెడతారు. యూదుల్లో తల్లో తండ్రో పోతే పిల్లలు 11 నెలలు రోజూ ప్రార్థన చదువుతారు. డాక్టర్ల లెక్క కూడా చెప్తాను, దుఃఖాన్ని జబ్బు అనాలంటే పెద్దవాళ్లకు కనీసం ఏడాది గడవాలని అమెరికా సైకియాట్రిస్టులు 2022లో రాసుకున్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆర్నెల్లు దాటాలంది. మీ అమ్మకు ఇంకా అయిదు నెలలే.

అయితే ఒకటి గమనిస్తూ ఉండండి. తిండి మానేసినా, రాత్రుళ్లు నిద్ర లేకపోయినా, ముఖ్యంగా "నేనూ పోతే బాగుండు" అన్నా, ఈ నెలల లెక్కలు పక్కనపెట్టి ఆ రోజే మీ ఊళ్లోని రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన 14416 నంబరుకి ఫోన్ చేసినా ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

ఇక కొండ సంగతి. ఏడాది కొండెక్కకూడదనే పట్టింపు చాలా ఇళ్లలో ఉన్నదే. వీధిలోకొస్తే చాలు కొండ కనిపించే ఊళ్లో అది ఇంకా కష్టమని నాకు తెలుసు. కానీ వెళ్లాలా వద్దా అని అమ్మను అడిగినట్టు మీరెక్కడా రాయలేదు. ఆమె వద్దంటే బలవంతం చేయకండి, మనసు మారుతుందనే పేరుతో కూడా వద్దు. వెళ్తానంటే మాత్రం మీ పురోహితుడితో మాట్లాడి, చుట్టాలకు జవాబు మీరే చెప్పండి, ఆమె చేత చెప్పించకండి.

ఇంకో మాట. ఇంత రాశారు గానీ నాయన పోయాక మీకెలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. కొడుకు గట్టిగా ఉండాలని అందరూ అనుంటారు, మీరూ అలాగే బిగబట్టుకుని తిరుగుతున్నారనిపిస్తోంది. రేపు పనికి ఓ గంట ఆలస్యమైనా సరే, ఆ వరండాలో అమ్మ పక్కన కూర్చోండి. నాయన కాఫీలో చక్కెర ఎంత వేసేదో అడగండి. చెప్తుంది, ఇంకా చాలా చెప్తుంది. మధ్యలో మీకు ఏడుపొస్తే ఆపుకోకండి.