పాత యజమాని తీయించిన గోడ, కొత్త యజమానికి నోటీసు

ప్రశ్న: మాది నాలుగో అంతస్తులో ఫ్లాట్. రెండేళ్ల కిందట కొన్నాం. మాకు అమ్మినవారు వంటగదికీ హాలుకీ మధ్య గోడ తీయించేసి, బాత్రూమును మూడు మీటర్లు జరిపించారు. అనుమతి లేదని ఇప్పుడు తెలిసింది. కింది ఫ్లాట్‌లో పైకప్పుకు చెమ్మ, పై ఫ్లాట్‌లో గోడకు ఏటవాలు బీట. అంతా యథాస్థితికి తెమ్మని అసోసియేషన్ నోటీసు ఇచ్చింది. గోడ మళ్లీ కట్టించేస్తే సరిపోతుందా?

జవాబు: తొందరపడి కట్టించకండి. తీసేసింది బరువు మోసే గోడే అయితే, ఆపాటికే పైస్లాబు కాస్త కుంగి, బరువు వేరే దారిన దిగుతూ ఉంటుంది. ఇప్పుడు కింద ఇటుక పేర్చినా అది ఖాళీని పూడుస్తుందే తప్ప బరువును అందుకోదు. సిమెంటు ఆరి ముడుచుకున్నాక గోడ నెత్తిన సన్నటి సందు కూడా మిగులుతుంది. సాధారణంగా జాకీలు పెట్టి, ఇనుప బీము ఎక్కించి, పైసందును ముడుచుకోని గ్రౌట్‌తో (సందులు పూడ్చే సిమెంటు మిశ్రమం) గట్టిగా కూరాలి. అది స్ట్రక్చరల్ ఇంజినీర్ లెక్క వేసి చెప్పాల్సిన పని, మేస్త్రీ అంచనాతో జరిగేది కాదు. జాకీలు మీ ఫ్లాట్‌లో మాత్రమే పెడితే ఆ భారమంతా మీ కింది స్లాబు మీద పడుతుంది. కింద ఎన్ని అంతస్తుల వరకూ జాకీలు పెడుతూ పోవాలో కూడా ఇంజినీరే తేల్చాలి.

ముందు అసలు ప్లానూ స్ట్రక్చరల్ డ్రాయింగూ సంపాదించండి. మీ గోడ ఉన్నచోటే మూడు, ఐదు అంతస్తుల్లోనూ గోడ ఉందా చూడండి. పిల్లర్లు, బీములతో కట్టిన భవనంలో ఇటుక గోడలు చాలావరకు అడ్డుగోడలే. పిల్లర్లు లేకుండా తొమ్మిదంగుళాల గోడలు ఒకదానిపై ఒకటి లేచి ఉంటే మాత్రం అవే భవనానికి ఆధారం. మందం ఒక్కటే చూసి నమ్మకండి, తట్టి చూసి అసలే నమ్మకండి. పలచటి కాంక్రీటు గోడ కూడా బరువు మోయవచ్చు. లోపల ఇనుప చువ్వలు ఉన్నదీ లేనిదీ కవర్ మీటరుతో పగలగొట్టకుండానే తెలుస్తుంది.

పై ఫ్లాట్ బీటకు అడ్డంగా పెన్సిల్ గీత గీసి, బీట కొసల దగ్గర తేదీ వేయించండి. వెడల్పును నెలకోసారి ఒకేచోట కొలవండి. పెరగకపోతే పాత కుంగుబాటు అనుకోవచ్చు. పెరుగుతున్నా, తలుపులు పట్టేస్తున్నా, బీము పిల్లరును కలిసేచోట ఏటవాలు బీట కనిపించినా నెల ఆగకండి. ఆ రోజే ఇంజినీరును పిలవండి.

నన్నడిగితే గోడకంటే బాత్రూమే ఎక్కువ అనుమానించదగింది. 110 మిల్లీమీటర్ల మలం పైపుకు 1:40 వాలు ఇస్తే, మూడు మీటర్లకు 75 మిల్లీమీటర్లు దిగాలి. రెండూ కలిపితే 185. అంత ఎత్తు దొరకాలంటే నేల లేపాలి, లేదా స్లాబు చెక్కాలి. చెక్కితే చువ్వలు తెగి ఉండవచ్చు. లేపి, ఇటుక ముక్కల రద్దు నింపితే చదరపు మీటరుకు 300 కిలోల దాకా అదనపు బరువు పడుతుంది. ఇళ్ల స్లాబుకు మనుషులూ సామానూ కలిపి సాధారణంగా లెక్కగట్టేది 200 కిలోలే. గడప ఎక్కి వెళ్లాల్సిన బాత్రూము ఉందంటే ఒక మూల టైలు తీయించి, లోపల ఏం నింపారో చూడండి.

చెమ్మ మూలాన్ని ఇలా పట్టండి. కుళాయిలన్నీ కట్టేసి మీటరు చూడండి. ముల్లు కదిలితే నీటి పైపు కారుతోంది. కదలకపోతే ట్రాప్ (నేల మీది నీరు బయటికి పోయే జాలీ రంధ్రం) మూసి, నేల మీద రెండు సెంటీమీటర్ల నీరు 24 గంటలు నిలపండి. కింద తడి పెరిగితే వాటర్‌ప్రూఫింగ్ పోయింది. పెరగకపోతే ట్రాప్ తెరిచి రంగునీళ్లు పోయండి. కింద రంగు కనిపిస్తే లోపం డ్రెయిను జాయింటులో.

మీరు చేయించకపోయినా, చాలాచోట్ల సరిచేసే భారం ప్రస్తుత యజమానిదే. అమ్మినవారి నుంచి ఖర్చు రాబట్టుకోవడం వేరే వ్యవహారం. దస్తావేజులో మార్పుల గురించి ఏం రాశారో లాయరుకు చూపించండి. నోటీసుకు రాతలోనే జవాబివ్వండి: ఎప్పుడు కొన్నారో, ఇంజినీరు తనిఖీ ఎప్పుడో, నివేదిక ఎప్పుడిస్తారో. మరమ్మతు డ్రాయింగును స్థానిక సంస్థకు పెట్టి క్రమబద్ధీకరణ అడగండి. పని జరిగేటప్పుడు, ప్లాస్టరింగుకు ముందే, లోపలివన్నీ ఫొటోలు తీసి ఉంచండి.

ప్రశ్న: నేను అసోసియేషన్ కార్యదర్శిని. మా దగ్గర సగం మంది ఎప్పుడో మార్పులు చేసేశారు. అందరికీ ఒకే నోటీసు ఇవ్వొచ్చా?

జవాబు: ఇస్తే బాల్కనీకి అద్దం పెట్టినవారూ బీముకు రంధ్రం కొట్టినవారూ ఏకమై మీ మీదికొస్తారు. గడువు పెట్టి, ఎవరి మార్పులు వారినే రాసిమ్మనండి. దాపరికం లేకుండా చెప్పినవారికి జరిమానా ఉండదని సర్వసభ్య సమావేశంలో తీర్మానించండి. అందిన వాటిలో పిల్లర్లు, బీములు, స్లాబులు ముందు; ఆ తర్వాత నీళ్లు, గ్యాసు, అగ్నిమాపక దారులు; ఆఖరున భవనం బయటి రూపు. మొదటి రకానికి ఇంజినీరు నివేదిక లేకుండా ఎవరికీ మినహాయింపు ఇవ్వకండి, అది కమిటీ సభ్యుడి ఫ్లాటే అయినా సరే. ఫ్లాట్ చేతులు మారేటప్పుడు ఇచ్చే నిరభ్యంతర పత్రానికి ఆ నివేదిక నకలు జత చేయండి.