అమ్ములూ, ముందు ఆ బీరువాల తాళాలు తియ్యి

అమ్ములూ,

శాఖా గ్రంథాలయంలో చేరావని, చార్జి తీసుకున్న రోజే బీరువాలు చూసి టెన్షన్ పడ్డావని మీ అమ్మ చెప్పింది. నాలుగు వేల పుస్తకాలు, సగానికి లేబుళ్లు ఊడిపోయాయి, పాత రిజిస్టరు ఒకటి చెదలు కొట్టేసింది, అంతేగా. ముప్పై ఏళ్లు అదే పని చేసినవాణ్ని కాబట్టి ఏది ముందు చెయ్యాలో, ఏది నిదానం మీద చేసినా పర్లేదో రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, ఇది దగ్గర పెట్టుకో.

ముందు తాళాలు తియ్యి. పుస్తకాలు పోతాయని నిన్ను భయపెడతారు. కొన్ని పోతాయి కూడా. కానీ ఏడాదికి నాలుగో ఐదో పోవడం కన్నా నాలుగు వేలూ అద్దాల వెనక ఎవరి చేతికీ అందకుండా ఉండిపోవడం పెద్ద నష్టం. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో మొదటిదే, పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి అని. మనవాళ్లూ అలాంటివాళ్లేలే. 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా ఇచ్చిన గడ్డ మనది, నువ్వు చెయ్యాల్సిందల్లా తాళం తియ్యడమే.

ఇక నంబర్లు. పుస్తకాలని విషయాన్ని బట్టి నంబర్లేసి సర్దే డ్యూయీ పద్ధతి చూసి బెదిరిపోకు. 1876లో డ్యూయీ అనే అమెరికా ఆయన మొత్తం విషయాలన్నిటినీ పది గంపల్లోకి సర్దాడు. 500లు సైన్సు, 600ల్లో వైద్యం, వ్యవసాయం, వంటలు, 900లు చరిత్ర, భూగోళం, అలా. తెలుగు సాహిత్యం 894.827. దాని చివర 1 వేస్తే కవిత్వం, 2 నాటకం, 3 కథలూ నవలలూ. మన ఊళ్లలో సగానికి పైగా పుస్తకాలు ఆ చివరి 3 దగ్గరే పోగుపడతాయి, అక్కడ నంబరు ఒక్కటే ఉంటే ఏ ఉపయోగమూ లేదు. అందుకని నవలలకి వీపు మీద ఆ పొడుగు నంబరు కాకుండా పెద్ద అక్షరాలతో 'నవల' అని, కింద రచయిత పేరులో మొదటి అక్షరాలు రాయి. నంబరు రిజిస్టర్లో ఉంటే చాలు. పల్చటి పుస్తకాలకి వీపు మీద లేబుల్ పట్టదు, అట్ట మీద ఎడమవైపు కింది మూలన అతికించు. అన్నిటికీ ఒకే ఎత్తున ఉండాలి, అప్పుడే కన్ను వరసగా పరుగెడుతుంది.

ఒక చిక్కు వస్తుంది చూడు. రామాయణానికి డ్యూయీలో 294.5922, భారతానికి 294.5923, మతం కింద. (200ల్లో సింహభాగం క్రైస్తవానికే ఇచ్చి మిగతా మతాలన్నిటినీ 290లో ఇరికించాడు, అది నాకెప్పుడూ నచ్చలేదు.) మరి నన్నయ, తిక్కన పద్యాలు మతంలో పెడతావా, సాహిత్యంలో పెడతావా? పెద్దాయన పారాయణకి అడుగుతాడు, డిగ్రీ పిల్ల పరీక్షకి అడుగుతుంది. నేను పద్యకావ్యాలు సాహిత్యంలోనే పెట్టాను, వచనంలో పారాయణ గ్రంథాలు మతంలో పెట్టాను, రెండు బీరువాల దగ్గరా ఒక అట్ట ముక్క మీద 'అవి అక్కడ చూడండి' అని రాసి వేలాడదీశాను. నువ్వు ఇంకోలా చేసినా తప్పులేదు, కానీ ఒకసారి అనుకున్నది నోటుబుక్కులో రాసుకుని దాని మీదే ఉండు. నెలకో రకంగా మారిస్తే రేపు నీకే దొరకవు.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక రైతు వచ్చి, నిమ్మతోటకి గజ్జి తెగులు వచ్చింది, పుస్తకమేమైనా ఉందా అని అడిగాడు. ఏ పుస్తకం ఉందో వెతకడానికి రాసి పెట్టుకునే కార్డులు తిప్పాను, నిమ్మ అని లేదు, గజ్జి అనీ లేదు. లేదండీ అన్నాను, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి దులుపుకుని వెళ్లిపోయాడు. మూడు వారాల తర్వాత స్టాకు సరిచూస్తుంటే చేతికి తగిలింది, పేరులో 'సస్యరక్షణ' అని ఉంది, లోపల నిమ్మ మీద ఇరవై పేజీలు, గజ్జి మచ్చలున్న కాయల బొమ్మలతో సహా. నేను పుస్తకం పేరుకీ రచయితకీ కార్డు రాసి ఊరుకున్నాను, విషయసూచిక కూడా తిప్పి చూడలేదు. ఆ రైతు మళ్లీ రాలేదు. అది ఇప్పటికీ బాధే నాకు.

అప్పట్నుంచీ ప్రతి పుస్తకం విషయసూచిక చదివి, జనం నోట్లో ఉండే మాటతో ఇంకో రెండు కార్డులు రాసేవాణ్ని. 'మధుమేహం' అని పుస్తకం మీద ఉంటే 'షుగర్' అని కూడా రాయి. 'రెవెన్యూ చట్టాలు' అని ఉంటే 'పట్టాదారు పాసుపుస్తకం' అని కూడా. కంప్యూటర్లో అయితే సబ్జెక్టు గడిలో వేస్తే సరిపోతుంది, అదే పని.

పేర్ల దగ్గరా ఇంతే. జనానికి తెలిసింది శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు కాదు. చలం అని అడుగుతారు, గుడిపాటి వెంకటచలం అని అడగరు. తెలిసిన పేరు కిందే పుస్తకాలన్నీ పెట్టి, అసలు పేరు దగ్గర 'శ్రీశ్రీ చూడుము' అని ఒక్క కార్డు పెట్టు. ఒకే మనిషి పుస్తకాలు రెండు చోట్ల విడిపోకూడదు.

కంప్యూటర్ వచ్చిందంటున్నావు. గ్రంథాలయాలకి వాడే సాఫ్ట్‌వేర్లలో కోహా ఇచ్చినా ఈ-గ్రంథాలయ ఇచ్చినా తెలుగు పేర్లు తెలుగులోనే, యూనికోడ్‌లోనే కొట్టు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే 'శ్రీ'కి ఒకరు ఎస్-ఆర్-ఐ అంటారు, ఒకరు ఎస్-ఆర్-ఇ-ఇ అంటారు, మధ్యలో హెచ్ పెట్టేవాళ్లు వేరే, వెతికితే ఒక పుస్తకం కూడా సరిగ్గా రాదు. తెలుగులో కొట్టినా 'గ్రంథం', 'గ్రంధం' రెండూ రాసేవాళ్లు ఉన్నారు కదా, ఇద్దరికీ దొరికేలా రెండో రూపాన్ని కూడా ఎక్కడో ఒకచోట వెయ్యి.

ప్రొద్దున్నే తలుపు తీశాక ఒక అరగంట, రోజుకొక బీరువా చొప్పున వరస సరిచూడు. తీసిన పుస్తకం చదివేవాళ్లని తిరిగి పెట్టనివ్వకు, బల్ల మీద వదిలెయ్యమను. తప్పు అరలోకి వెళ్లిన పుస్తకం దొంగ ఎత్తుకెళ్లిన దాంతో సమానం, రిజిస్టర్లో మాత్రం ఉంటుంది. గ్రూప్-2కి చదివే పిల్లలు రోజంతా కూర్చుంటారు, వాళ్ల పుస్తకాలు గుమ్మం దగ్గరి అరలో పెట్టు, పేపర్లు చదివే పెద్దవాళ్లకి కిటికీ పక్కన వెలుతురులో కుర్చీ వెయ్యి.

ఇప్పుడొక పని. ఈ పదిహేను రోజులూ వచ్చిన వాళ్లు ఏమేం అడిగారో, నువ్వు లేదన్నవి ఏవో, వాళ్లన్న మాటల్లోనే రాసి పెట్టు, నువ్వు దిద్దకు. దసరాకి వస్తాను, ఇద్దరం ఆ కాగితం పట్టుకుని బీరువాలన్నీ తిరుగుదాం.

మావయ్య