గంట నడక గొప్పదే, గారెలు తిన్నాక పడుకోకపోతే

పొద్దున్నే గంటసేపు ఒకేసారి నడవాలా, రోజంతా కాస్త కాస్త నడిస్తే సరిపోతుందా అని అడిగారు. విడతలుగా నడవడమే మంచిది. షుగరున్నవాళ్ళకైతే రెండో మాటే లేదు.

మాది రావులపాలెం దగ్గర. ఎరువుల కొట్టు. సీజన్లో గంట ఖాళీ దొరకడమంటే కల్లోమాట. అందుకని తిన్న ప్రతిసారీ ఓ పావుగంట కొట్టు వెనక తిరిగొస్తాను. మా బావగారికి ఇది వెక్కిరింత. ‘అది నడకేంటయ్యా, చెప్పులు వెతుక్కోవడం’ అంటారు. ఆయన రిటైరైన మాస్టారు. తెల్లారకట్ట కాలవ గట్టు మీద గంట నడక, వానొస్తే గొడుగేసుకుని మరీ. ఇంటికొచ్చాక పేపరు, టీవీ, పడక్కుర్చీ. మళ్ళీ లేచేది భోజనానికే.

మొన్న కనుమకి వాళ్ళింట్లోనే ఉన్నాం. మినపగారెలు, నాటుకోడి పులుసు, పైన ఆత్రేయపురం పూతరేకులు. మేనల్లుడు షుగరు చూసే మీటరు పట్టుకొచ్చి ‘మావయ్యా, ఇవాళ తేల్చేద్దాం’ అన్నాడు. తినకముందు ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. తిన్నాక బావగారు ఫ్యాను కింద మంచమెక్కారు. నేను లుంగీ ఎగ్గట్టి, రాలిన కొబ్బరి కమ్మలు పక్కకి లాగుతూ తోటలో తిరిగాను. రెండు గంటలకి చూస్తే నాది 162, ఆయనది 238. స్ట్రిప్పు పాతదన్నారు. వేలు మార్చి పొడిపించుకున్నారు, 241. ‘కాలి వేలు కూడా ఉంది, చూస్తారా?’ అంది మా అక్క.

తిన్న గంట, గంటన్నరలోపే కదండీ చక్కెర పైకి లేచేది. ఆ టైముకి కాళ్ళు కదిలాయా, కండరాలు ఇన్సులిన్ కోసం చూడకుండానే రక్తంలోంచి చక్కెర లాక్కుంటాయి. పొద్దున ఆరింటి నడక రాత్రి తొమ్మిదింటి అన్నానికి ఏపాటి అక్కరకొస్తుంది? 2013లో అమెరికాలో అరవై దాటినవాళ్ళ చేత మూడుపూటలా తిన్నాక 15 నిమిషాలు నడిపించి చూశారు. రోజు మొత్తమ్మీద చక్కెర తగ్గడానికి అది పొద్దుటి 45 నిమిషాల నడకతో సమానంగా పనిచేసింది, రాత్రి భోజనం తర్వాతైతే అంతకన్నా బాగా. పట్టుమని పదిమందే లెండి, నాకది చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వారానికి కనీసం 150 నిమిషాలంటుంది గానీ, ఒక్కో విడత పది నిమిషాలకి తగ్గకూడదన్న పాత షరతుని 2020లో తీసేసింది.

దమ్ము పెరగాలంటే ఆయాసమొచ్చేలా ఒకేసారి చేయాలంటారు. చేసుకోండి, వద్దన్నానా! నా బాధల్లా గట్టు మీది బ్యాచ్‌తోనే. నడవడానికి బండి మీదొస్తారు. నడిచినంతసేపూ రాజకీయాలు, దిగగానే ఉప్మా పెసరట్టు. చేతికేమో అడుగులు లెక్కపెట్టే వాచీ. ఆ గట్టయినా బాగుందా అంటే, చికెన్ వ్యర్థాల సంచులన్నీ అక్కడే. ముక్కు మూసుకుని నడిస్తే ఊపిరెక్కడిది? కాలవల్లో నీళ్ళు ఆపేసిన నెలల్లో మరీను.

మూడుపూటలా కుదరదంటే రాత్రిది మాత్రం మానకండి. మనవైపు పెద్ద భోజనం అదే, తినగానే సీరియలు ముందు కూలబడేదీ అప్పుడే. వీధిలో కుక్కలుంటే డాబా మీద తిరగండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు మాత్రం ముందు డాక్టరుగారిని అడగండి, జేబులో నాలుగు గ్లూకోజు బిళ్ళలు ఉంచుకోండి. కళ్ళు తిరిగితే వెంటనే నోట్లో వేసుకోండి.