ఫీడ్ తగ్గించినకొద్దీ గీతలే

ప్రశ్న: సార్, మాది గుంటూరు బ్రాడీపేట. ఇంట్లో చిన్న 3018 సీఎన్‌సీ మిషన్ (కంప్యూటర్ చెప్పిన దారిలో కట్టర్ తిప్పి కోసేది) పెట్టుకుని షాపులకీ ఇళ్లకీ నేమ్ ప్లేట్లు చేస్తున్నాను. చెక్క, యాక్రిలిక్ చక్కగా వస్తున్నాయి, అల్యూమినియం దగ్గరే ఇబ్బంది. అంచంతా కొరికినట్టు గరుగ్గా ఉంటోంది, కట్టర్‌కి లోహం అతుక్కుపోతోంది. 3 మి.మీ. నాలుగు పళ్ల కట్టర్, 10,000 ఆర్‌పీఎం, ఫీడ్ (కట్టర్ ముందుకు జరిగే వేగం) నిమిషానికి 100 మి.మీ. నునుపు వస్తుందని 60కి తగ్గించాను, ఇంకా పాడైంది. పెద్ద మిషన్ కొనాలా?

జవాబు: వద్దండీ, డబ్బు జేబులోనే ఉంచుకోండి. మీరు మార్చాల్సింది కట్టర్ని, ఆ తర్వాత ఫీడ్‌ని, అదీ పెంచుతూ.

మీ లెక్కే చూద్దాం. నిమిషానికి పదివేల చుట్లు, చుట్టుకి నాలుగు పళ్లు, అంటే 40,000 కోతలు. 100 మి.మీ.ని వాటన్నిటికీ పంచితే ఒక్కో పన్నుకి దక్కేది 0.0025 మి.మీ. అంత పలచటి పొరని ఏ పన్నూ కోయలేదు, లోహం మీద రుద్దుకుంటూ పోతుంది, ఆ రాపిడికి వేడి పుట్టి మెత్తబడిన అల్యూమినియం పంటికి ముద్దలా పట్టుకుంటుంది, ఇక అక్కణ్ణుంచి కోసేది మీ కట్టర్ కాదు, ఆ ముద్ద. మీరు 60కి తగ్గించారంటే ఆ రుద్దుడు ఇంకా పెంచారన్నమాట. నెమ్మదిగా పోతే నున్నగా వస్తుందనుకోవడం చెక్క పని నుంచి వచ్చినవాళ్లందరికీ ఉండే అలవాటే, అల్యూమినియం దగ్గర దాన్ని వదిలేయాలి.

ఒకే పన్ను ఉన్న కార్బైడ్ కట్టర్ తీసుకోండి, గాడి లోపల అద్దంలా పాలిష్ చేసి ఉండాలి. పన్ను ఒకటే కాబట్టి చిప్, అంటే తెగిన లోహపు పలుకు, బయటికి పోవడానికి చోటు ఎక్కువ. కోటింగ్ ఉన్నది ఖరీదు కదా, మంచిదేమో అని టైటానియం అల్యూమినియం నైట్రైడ్ రకం కొనకండి, ఆ పూతలోనే అల్యూమినియం ఉంటుంది, మీ లోహం దానికి ఇంకా బాగా అతుక్కుంటుంది. అదే 10,000 ఆర్‌పీఎం మీద ఫీడ్ 200 నుంచి 250 పెట్టండి, పంటికి 0.02 పైన పడుతుంది. లోతు మాత్రం ఒక్కో పాస్‌కి, అంటే ఒక్కో విడత కోతకి, 0.15 లేదా 0.2 మి.మీ. దాటొద్దు, మీ మిషన్ ఫ్రేమ్ అంతకన్నా ఓర్చుకోదు. సరిగ్గా కోస్తోందో లేదో చిప్స్‌ని వేళ్ల మధ్య పట్టుకుంటే తెలుస్తుంది (మిషన్ ఆపాకే సుమా). బూడిదలాంటి పొడి అయితే ఇంకా రుద్దుతోంది, మెరిసే చిన్న చిన్న పలుకులైతే కోస్తోంది.

మీరు రాయలేదు గానీ ప్లేటు ఎక్కడిది? వంటపాత్రలకి వాడే రేకులాంటి మెత్తటి అల్యూమినియం అయితే ఎంత మంచి కట్టర్ పెట్టినా సాగుతుంది. షాపులో 6061 టీ6 అని అడగండి, లేకపోతే 6082, దాన్నే హెచ్‌ఈ 30 అంటారు. నా అనుభవంలో సగం ఫిర్యాదులు లోహం మార్చగానే పోయాయి.

ఇక అంచు నునుపు సంగతి. మొదటి కోతల్లో పక్కగోడ మీద 0.1 మి.మీ. వదిలేసి, చివర్లో ఆ పొరని పూర్తి లోతుతో అంచు వెంట ఒకే చుట్టులో తీసేయండి. ఒక్కో పాస్ గోడ మీద వదిలే గీతలు పోవాలంటే అదే దారి. ఆ చుట్టు క్లైంబ్ పద్ధతిలో, అంటే పన్ను మందంగా దిగి పలచగా బయటికి వచ్చేలా పెట్టండి. ఇది కట్టర్ని లోహంలోకి లాగుతుంది కాబట్టి మిషన్‌ని జరిపే స్క్రూ నట్‌లో ప్లే (వదులు) ఉంటే ముందు బిగించుకోవాలి. కట్టర్ దాన్ని పట్టి ఉంచే కొలెట్ బయటికి ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, ఆ పొడవు సగం చేస్తే వంగడం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ప్లేటు నాలుగు మూలలే బిగిస్తే మధ్యలో అదురుతుంది, కింద డబుల్ సైడ్ టేప్ కూడా వేయండి.

ప్రశ్న: మాది విజయవాడ పటమట. అల్యూమినియం కోసేటప్పుడు కిరోసిన్ పోయమని ఆటోనగర్ లేత్ షాపులో చెప్పారు, స్పిరిట్ కొట్టమని స్నేహితుడు అంటున్నాడు. మేడ మీద గదిలో నడుపుతాను. ఏది వాడాలి?

జవాబు: లేత్ షాపువాళ్లు చెప్పింది తప్పు కాదు, కిరోసిన్‌తో అల్యూమినియం నిజంగానే నున్నగా వస్తుంది. కానీ వాళ్లది నాలుగువైపులా తెరిచి ఉన్న షెడ్డు, మీది మేడ మీద గది. కిరోసిన్ ఆవిరి 38 డిగ్రీల నుంచే అంటుకోవచ్చు, బెజవాడ మే నెలలో ఆ గది ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. స్పిరిట్ అంతకన్నా తొందరగా అంటుకుంటుంది. చిన్న మిషన్లలో ఉండే బ్రష్ మోటార్ నిప్పురవ్వలు రాలుస్తూనే తిరుగుతుంది. ఆ రెండూ వద్దండీ. కటింగ్ ఆయిల్ బ్రష్‌తో ఒక చుక్క, అది కూడా పాస్‌కి పాస్‌కి మధ్య మిషన్ ఆపి రాయండి. నీళ్లు కలిపే కూలెంట్ పోస్తే కింద ఎండీఎఫ్ పలక ఉబ్బి కొలతలు తప్పుతాయి.

ఆయిల్ కన్నా ముఖ్యం గాలి. తెగిన చిప్ గాడిలోనే ఉండిపోతే కట్టర్ దాన్నే మళ్లీ నమిలి గోడ మీద గీత పెడుతుంది. అక్వేరియం పంపు అయినా సరే, సన్న గొట్టం కట్టర్ మొన దగ్గరికి తిప్పి పెట్టండి, సరిపోకపోతే చిన్న కంప్రెసర్. కళ్లద్దాలు పెట్టుకోవడం మరిచిపోవద్దు, గాలికి ఆ పలుకులు ముఖం మీదికే ఎగురుతాయి.